ముడి నిలిస్తే ఘనం, విడిపోతే ద్రవం

పిల్లలు ఆడుకునే సిల్లీ పుట్టీని ఉండ చేసి నేలకేసి కొడితే ఎగిరి పైకొస్తుంది. అదే ఉండను బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి పలచగా పరుచుకుపోతుంది. మెల్లగా లాగితే సన్నగా సాగుతుంది. ఒక్కసారి గుంజితే పుటుక్కున తెగుతుంది, తెగిన అంచు పెంకు విరిగినట్టుంటుంది.

ఇది సిలికోన్ పాలిమర్, బోరిక్ ఆమ్లం కలిసిన పదార్థం. పొడవాటి అణు గొలుసుల మధ్య బోరాన్ తాత్కాలికంగా ముడులు వేస్తుంది. అవి నిత్యం విడిపోతూ, పక్క గొలుసుతో మళ్ళీ పడుతూ ఉంటాయి. ముడి విడిపోయే లోపే దెబ్బ తగిలితే వల మొత్తం సాగి వెనక్కి తన్నుతుంది. తీరిగ్గా ఒత్తితే గొలుసులు ఒకదాన్నొకటి దాటుకుని జారిపోతాయి. ముడి విడిపోవడానికి పట్టే సమయాన్ని మనం గమనించే సమయంతో భాగిస్తే వచ్చేదే డెబోరా సంఖ్య. దేవుడి ముందు కొండలు ప్రవహించాయని బైబిల్లో పాడిన డెబోరా పేరును 1964లో శాస్త్రవేత్త మార్కస్ రైనర్ దీనికి పెట్టాడు. ఎంతో కాలం గమనిస్తే కొండలూ ప్రవహిస్తాయి మరి. ఇంత చక్కగా అతికిన పేర్లు భౌతికశాస్త్రంలో అరుదే.

ముడులు శాశ్వతమైతే కథ వేరు. గంధకంతో ముడులు పడ్డ రబ్బరు ప్రవహించదు, సాగి వెనక్కొస్తుంది. వెనక్కి లాగేది ఏమిటి? రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి పెదవికి ఆనించండి, వెచ్చగా తగులుతుంది. కాసేపు అలాగే పట్టుకుని వదిలితే చల్లబడుతుంది. చుట్టుకుపోయి ఉండటానికి గొలుసుకు లెక్కలేనన్ని దారులున్నాయి, తిన్నగా నిలబడటానికి కొన్నే. అణువుల కుదుపులు దాన్ని మళ్ళీ ఆ చిక్కులోకే లాగుతాయి. అందుకే బరువు వేలాడదీసిన రబ్బరును వేడి చేస్తే సాగదు, కుంచించుకుపోతుంది. ఇంగ్లండుకు చెందిన శాస్త్రవేత్త జాన్ గౌ ఈ సంగతి 1805లోనే రాశాడు.

ఇదే వలలో నీళ్ళు నింపితే జెల్. తొంభై శాతం నీరే ఉన్నా ఒలికిపోదు. కానీ చిన్న గాటు పడితే చాలు, బలమంతా పగులు కొనలోని కొద్ది గొలుసుల మీదే పడి చీలిపోతుంది. 2003లో జపాన్‌లోని హొక్కాయిడో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం దీనికి చిత్రమైన విరుగుడు కనిపెట్టింది: ఒకే జెల్‌లో రెండు వలలు. బిరుసు వల ముందుగా చాలాచోట్ల తెగి దెబ్బను పంచుకుంటుంది, మెత్తటి వల ముక్కల్ని పట్టి ఉంచుతుంది. చిక్కేమిటంటే, తెగిన గొలుసులు మళ్ళీ అతుక్కోవు. రెండోసారి లాగితే జెల్ మెత్తగా లొంగిపోతుంది.

2012లో వచ్చిన మరో జెల్‌లో ముందుగా తెగి త్యాగం చేసే ముడుల్ని కాల్షియం అయాన్లతో వేశారు. అది ఇరవై రెట్లకు పైగా సాగింది. తెగిన అయాన్ ముడులు తిరిగి పడతాయి కూడా, కాకపోతే వెంటనే కాదు. వేడి చేస్తే త్వరపడతాయి.