కరోనా మీద ఇంకా తిరుగుతున్న అపోహలు - వాస్తవాలు: కర్నూలు ల్యాబ్ నుంచి

నేను కర్నూలులో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తా. కరోనా టైంలో పొద్దుగూకులూ ఆర్టీపీసీఆర్ టెస్టులే, ఇప్పుడు ఎక్కువగా టీబీ. ఇన్నేళ్ళయినా శాంపిల్ కౌంటర్ దగ్గర, పెళ్ళిళ్ళలో, వాట్సాప్ గ్రూపుల్లో అవే మాటలు వినిపిస్తున్నాయి, వాటిలో కొన్నిటి వల్ల జనాలు ఇప్పటికీ నష్టపోతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. కాస్త పొడుగైతుంది, ఓపిగ్గా చదవండి.

అపోహ: మన ఎండలకి ఏ వైరస్సూ బతకదు

2020 మార్చిలో ఈ మాట అననోళ్ళు లేరు మన దగ్గర. ఆ ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు వచ్చిందేమో మన కర్నూలు జిల్లాలోనే. మళ్ళా 2021లో డెల్టా రకం కరోనా విరుచుకుపడింది కూడా సరిగ్గా ఏప్రిల్, మేలోనే, బయట కాలు పెట్టలేని ఎండల్లో. బయట ఎంత కాలినా మన ఒంట్లో వేడి 37 డిగ్రీలే కదా, వైరస్ పెరిగేది అక్కడ. పైగా ఎండకాలం మనమేం చేస్తాం, తలుపులు కిటికీలు మూసుకుని అందరం ఒకే కూలర్ ముందో ఏసీ రూములోనో చేరతాం, ఒకరు వదిలిన గాలే ఇంకొకరు పీలుస్తాం, వైరస్‌కి కావాల్సింది అదే.

అపోహ: సీటీ వాల్యూ 16 వచ్చిందంటే మనిషి దక్కడు, 32 వస్తే భయం లేదు

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆర్టీపీసీఆర్ రిపోర్టులో ఉండే ఈ నంబర్ చూసుకుని గుండె జారిపోయినోళ్ళూ ఉన్నారు, ధైర్యంగా ఇంట్లోనే ఉండిపోయి ఆక్సిజన్ పడిపోయినాక ఆసుపత్రికి పరిగెత్తినోళ్ళూ ఉన్నారు.

ముక్కులో, గొంతులో తిప్పిన పుల్లని వైరస్ చెడకుండా కాపాడే వీటీఎం ద్రవం ఉన్న ట్యూబులో వేసి ఐస్ ప్యాకుల మధ్య పెట్టి మాకు పంపుతారు. మేం దాన్ని వైరస్ బయటికి రాకుండా ఆపే క్యాబినెట్‌లో తెరిచి, వైరస్ ఆర్‌ఎన్‌ఏని వేరు చేసి, డీఎన్‌ఏగా మార్చి మెషిన్‌లో నడిపిస్తే అది ఒక్కో సైకిల్‌కి రెట్టింపు అవుతూ పోతుంది. ఎన్నో సైకిల్‌లో మెషిన్ పట్టుకోగలిగేంత అయిందో ఆ నంబరే సీటీ వాల్యూ. నంబర్ తక్కువంటే శాంపిల్‌లో వైరస్ ఎక్కువ. అంటే ఆ పుల్లకి అంటినదాంట్లో ఎక్కువని మాత్రమే, ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో దానికి తెలీదు. మూడు సైకిళ్ళ తేడా అంటే దాదాపు ఎనిమిది రెట్లు, ఆ మాత్రం తేడా పుల్ల సరిగ్గా తిప్పకపోయినా వస్తుంది, ట్యూబు ఎండలో ఉండిపోయినా వస్తుంది, కిట్ మారినా వస్తుంది. ఇంకోటి, జబ్బు మొదలైన తొలిరోజుల్లో గొంతులో వైరస్ బాగా ఉంటుంది, రెండో వారానికి గొంతులో తగ్గి ఊపిరితిత్తుల్లో వాపు ముదురుతుంది. అంటే 32 వచ్చిన మనిషికే ఆక్సిజన్ అవసరం పడొచ్చు. ఈ నంబర్‌తో తీవ్రత లెక్కేయొద్దని దేశంలో వైద్య పరిశోధనలు చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 2020 ఆగస్టులోనే చెప్పింది. చాలామంది దీన్ని ఊపిరితిత్తులకి 25కి ఇన్ని అని ఇచ్చే సీటీ స్కాన్ స్కోరుతో కూడా కలిపేశారు, రెండిటికీ ఏ సంబంధం లేదు. అప్పుడు చూసుకోవాల్సింది వేలికి పెట్టే ఆక్సీమీటర్ నంబరు, ఆయాసం, అంతే.

అపోహ: డాక్టర్లు, సైంటిస్టులు రోజుకో మాట చెప్పారు, వాళ్ళకే ఏం తెలీదు

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. మాటలు మారాయి, నిజమే. గాలిలో వ్యాపించదు అని డబ్ల్యూహెచ్‌ఓ 2020 మార్చిలో చెప్పి తర్వాత గాలిలో కూడా వ్యాపిస్తుందని ఒప్పుకుంది, అది ముందే ఒప్పుకుని ఉంటే పాల ప్యాకెట్లు కడగడం, వీధుల్లో బ్లీచింగ్ కొట్టడం మీద పెట్టిన శ్రమ కిటికీలు తెరవడం మీద పెట్టేవాళ్ళం, ఆ విషయంలో ఆలస్యం జరిగిందనే నా అభిప్రాయం కూడా.

కానీ మందుల విషయంలో మాట మారింది ఎందుకో చూడండి. కరోనా వచ్చిన వంద మందిలో ఎక్కువ మంది ఏ మందూ లేకపోయినా బాగైపోతారు. అట్లాంటి జబ్బులో ఏది ఇచ్చినా దానివల్లే తగ్గిందనిపిస్తుంది, నాటు మందైనా, కషాయమైనా, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందైనా. తేల్చాలంటే దారి ఒకటే, పేషెంట్లని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి ఒక గుంపుకి మందు ఇచ్చి, రెండో గుంపుకి మామూలు వైద్యమే చేసి పోల్చాలి. కరోనా తగ్గినోళ్ళ రక్తంలోంచి తీసి ఎక్కించే ప్లాస్మా గురించి గుర్తుందా, దాతల కోసం ఫోన్ నంబర్లు పెట్టి వేడుకునేవాళ్ళం. ఐసీఎంఆర్ మన దేశంలోనే 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ఇట్లే పరీక్షించింది, ప్లాస్మా ఎక్కించినోళ్ళకీ ఎక్కించనోళ్ళకీ చావుల్లో తేడా లేదు. ఫలితం 2020లోనే వచ్చింది, 2021 మేలో వైద్య మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాని తీసేశారు. ఆ మధ్యలో ఎన్ని కుటుంబాలు ప్లాస్మా కోసం తిరిగాయో తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అదే పద్ధతిలో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్ పనిచేస్తుందని 2020 జూన్‌లో తేలింది. వెంటిలేటర్ మీదున్నోళ్ళలో చావులు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నోళ్ళలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనోళ్ళకి మాత్రం ఏ లాభమూ లేదు. జనాలు మొదటి సగం విన్నారు, రెండో సగం వదిలేశారు. జ్వరం వచ్చిన రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టినోళ్ళు, షుగర్ చూసుకోకుండా వారాలు మింగినోళ్ళు ఊరూరా ఉన్నారు. షుగర్ అదుపు తప్పిన ఒంట్లో స్టెరాయిడ్ పడితే బ్లాక్ ఫంగస్‌కి దారి తెరిచినట్టే. 2021 జూన్ చివరికే దేశంలో 40 వేలకి పైగా కేసులు, కన్ను తీసేయాల్సి వచ్చినోళ్ళు, దవడ పోయినోళ్ళు. కరోనా తగ్గిన మనిషికి ముక్కు పక్కన నల్లమచ్చ వస్తే అది ఆక్సిజన్ పైపు వల్లనో మాస్కు వల్లనో అని చెప్పుకున్నారు, అసలు కారణం ఎక్కువగా షుగర్, స్టెరాయిడ్.

అపోహ: వ్యాక్సిన్ వేసుకున్నాకే కుర్రోళ్ళు గుండె ఆగి పోతున్నారు

ఇది చెప్పేటప్పుడు జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చేతికందిన కొడుకుని పోగొట్టుకున్న వాళ్ళు అడిగే ప్రశ్న ఇది. ఐసీఎంఆర్ 47 ఆసుపత్రుల పరిధిలో 18 నుంచి 45 ఏళ్ళ మధ్య ఉన్నట్టుండి చనిపోయిన 729 మంది వివరాలు తీసుకుని, అదే వయసు, అదే ప్రాంతం వాళ్ళు 2,916 మందితో పోల్చింది. వ్యాక్సిన్ వల్ల ముప్పు పెరగలేదు, రెండు డోసులు వేసుకున్నోళ్ళలో ముప్పు తక్కువే కనిపించింది. ముప్పు పెరిగింది ఎవరిలో అంటే, కరోనాతో ఆసుపత్రిలో చేరి వచ్చినోళ్ళు, ఇంట్లో ఇట్లా హఠాత్తుగా పోయినోళ్ళు ఉన్నవాళ్ళు, చనిపోయే ముందు రెండు రోజుల్లో మోతాదు మించి తాగినోళ్ళు, ఒళ్ళు విరిచేంత కసరత్తు చేసినోళ్ళు.

అట్లని వ్యాక్సిన్‌కి ఏ దుష్ఫలితమూ లేదని నేను అనను. కోవిషీల్డ్ రకం టీకాతో రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోయే టీటీఎస్ అనే సమస్య ఉంది, చాలా చాలా అరుదు, వస్తే టీకా వేసిన తొలి వారాల్లోనే వస్తుంది. ఎప్పుడో 2021లో వేసుకున్నదానికి ఇప్పుడు భయపడి రక్తం గడ్డకట్టిందేమో చూసే డి-డైమర్ టెస్టులు రాయించుకుంటున్నారు, దయచేసి ఆ డబ్బులు పెట్టి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి.

అపోహ: కరోనా పోయింది, దాని కథ అయిపోయింది

మా ల్యాబ్‌లో కూర్చుంటే అట్లా అనిపించదు. 2019లో దేశంలో టీబీ అని తేలినవాళ్ళు 24 లక్షల మంది, 2020లో 18 లక్షలు. ప్రపంచం మొత్తం మీద 71 లక్షల నుంచి 58 లక్షలకి పడిపోయింది. జబ్బు తగ్గి కాదు, పరీక్షకి రాక. బస్సుల్లేవు, దగ్గితే కరోనా అంటారని భయం, ఉన్న సిబ్బందంతా కరోనా డ్యూటీలో. టీబీ కోసం తయారైన ట్రూనాట్ మెషిన్లనే మన రాష్ట్రంలో కరోనా టెస్టులకి వాడాం, వాడక తప్పలేదు కూడా. కానీ మందు వాడని టీబీ మనిషి ఏడాదిలో 5 నుంచి 15 మందికి అంటించగలడు, ఆ దొరకని ఆరు లక్షల మంది ఎవరి ఇళ్ళలో దగ్గుతూ ఉన్నారో ఆలోచించండి.

మన పడమటి వైపు, కోసిగి, ఆదోని, మంత్రాలయం పల్లెల్లో ఇది ఇంకా కష్టం. పంట లేకపోతే ఇంటిల్లిపాదీ గుంటూరు మిరపకాయ కోతలకి సుగ్గి, అంటే పనికోసం వలస, పోతారు. మందులు మధ్యలో ఆగిపోతాయి, పిల్లల టీకాలు తప్పిపోతాయి, గుడిసెలో పదిమంది ఒకచోట పడుకుంటారు.

కాబట్టి రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే "కరోనా తర్వాత నాకు ఇట్లే ఉంటోంది" అని వదిలేయొద్దు. ప్రైమరీ హెల్త్ సెంటర్‌కి పోతే గళ్ల (కఫం) పరీక్ష ఉచితం, మందులూ ఉచితమే. డబ్బా ఇస్తారు, పొద్దున లేవగానే నోరు ఉత్త నీళ్ళతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి తీసుకుని లోపల్నుంచి దగ్గి చిక్కటి గళ్ల ఇవ్వండి. నోట్లో ఉమ్మి ఇస్తే పరీక్షకి పనికిరాదు, మళ్ళా అడగాల్సి వస్తుంది. సుగ్గికి పోయేవాళ్ళు ముందే చెబితే మందులు అక్కడి సెంటర్‌కి మార్పిస్తారు, సందేహం ఉంటే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666కి ఫోన్ చేయండి.