పెదనాన్న వైద్యం గురించి, మీకు తెలియాల్సినంత

చిన్నూ, స్వాతీ,

"గడ్డ మొత్తం తీసేశామన్నారు కదా అమ్మమ్మా, మళ్ళీ రేడియేషన్ ఎందుకు?" అని మొన్న ఫోన్లో అడిగారు. మీ ముందు అందరూ మాట మార్చేస్తున్నారు. క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేసిన దాన్ని, నేను మార్చను.

పెదనాన్నకు వచ్చింది గ్లియోబ్లాస్టోమా. మెదడులో పుట్టే క్యాన్సర్లలో బాగా మొండిది. అంటుకోదు. ఆయన చేసిన ఏ తప్పు వల్లా రాలేదు.

'మొత్తం తీశాం' అంటే స్కాన్‌లో కనబడినంత తీశామని. మాగాణిలో తుంగ పీకితే దుంప భూమిలో ఉండిపోయినట్టు, కంటికి కనబడని కణాలు చుట్టూ ఉన్న మంచి మెదడులోకి ఎప్పుడో పాకి ఉంటాయి. అమెరికాలో వాల్టర్ డాండీ అనే సర్జన్ కొందరికి మెదడులో కుడి సగం మొత్తం తీసేసి ఆ సంగతి 1928లో ప్రకటించాడు. అంత చేసినా జబ్బు ఆగలేదు. పైగా కడుపులో గడ్డకు తీసినట్టు ఇక్కడ చుట్టూ ఇంకాస్త కోసెయ్యడం కుదరదు. పెదనాన్న గడ్డ మాటలు పలికించే చోటికి ఆనుకుని ఉంది. అందుకే ఆపరేషన్ మధ్యలో మెలకువ తెప్పించి, బొమ్మలు చూపించి పేర్లు చెప్పించారు. మాట తడబడిన చోట కత్తి ఆపారు.

మిగిలిన కణాల కోసమే రేడియేషన్. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, ఆరు వారాల్లో ముప్పై సిట్టింగులు. ముందు మాస్క్ చేస్తారు. జల్లెడలా రంధ్రాలున్న ప్లాస్టిక్ పలకను వేడినీళ్ళలో మెత్తబెట్టి ముఖం మీద పరుస్తారు. అది వెచ్చగా ముక్కూ గడ్డం పట్టుకుని, కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. రోజూ దాన్ని తొడిగి బల్లకు బిగిస్తారు, తల వెంట్రుకవాసి కూడా కదలకూడదు కాబట్టి. కిరణాలు తగిలేటప్పుడు నొప్పి ఉండదు. ఆ బిగింపుకే చాలామందికి టెన్షన్.

దాంతోపాటు రోజూ టెమోజోలమైడ్ క్యాప్సూల్. రక్తంలోంచి మెదడులోకి ఏది పడితే అది వెళ్ళకుండా మన రక్తనాళాలే కాపలా కాస్తాయి. మంచిదే, కానీ చాలా క్యాన్సర్ మందుల్ని కూడా అవి గడప దాటనివ్వవు. ఈ మందు కొంత దాటగలదు. ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, అందుకే అన్నిసార్లు రక్తపరీక్షలు. ఆ క్యాప్సూల్స్ మాత్రం మీరు ముట్టుకోకండి.

ఇంత చేస్తే నయమవుతుందా? 2005లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, రేడియేషన్ ఒక్కటే తీసుకున్న వందమందిలో రెండేళ్ళకు సుమారు 10 మంది బతికున్నారు. ఈ మందు కలిపితే 26 మంది దాకా. ఇది చిన్న మార్పని నేను అనను. కానీ జబ్బు దాదాపు అందరిలోనూ తిరిగి వస్తుంది, అదీ నిజం. కణాల్లో ఎంజీఎంటీ అనే జన్యువు మూతపడి ఉంటే మందు బాగా పనిచేస్తుంది. ఆ రిపోర్టు కోసమే మీ పెద్దమ్మ ఎదురుచూస్తోంది. తలకు అంటించుకునే విద్యుత్ పట్టీల వైద్యం ఉంది, ఖర్చు మనలాంటివాళ్ళకు అందేది కాదు. రోగి రోగనిరోధక కణాలకే తర్ఫీదిచ్చి పంపే ప్రయోగాలు జరుగుతున్నాయి.

వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ ఇస్తున్నారు. దాంతో ఆకలి పెరుగుతుంది, నిద్ర పట్టదు, ఊరికే కోపం వస్తుంది. మొన్న టీవీ సౌండుకు నీ మీద అరిచారని ఏడ్చావట స్వాతీ. ఆ కోపం నీ మీద కాదమ్మా. కాసేపాగి మళ్ళీ వెళ్ళి పక్కన కూర్చో. మాట దొరక్క ఆగిపోతే మీరు అందించెయ్యకండి, చెప్పనివ్వండి.

ఒకవేళ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళంచెవులు అసలే వద్దు, వాటి వల్ల ఉపయోగం లేదు. చిన్నూ, నువ్వు గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యి.

మీ అమ్మమ్మ