దూరపు సంబంధం వెనక ఉన్న లెక్క

మా మేనత్తను మిర్యాలగూడ దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. మాది దేవరకద్ర వైపు. బస్సులు మారుకుంటూ పోతే పొద్దంతా పట్టేది. చుట్టుపక్కల సంబంధాలే దొరకలేదా, అంత దూరం ఎందుకిచ్చారని చిన్నప్పుడు మా నాయనమ్మను అడిగితే, "ఆడ కాలువ ఉన్నది బిడ్డా" అనేది. అంతకు మించి ఏమీ చెప్పేది కాదు.

ఒక ఏడాది మా చెలకలో వేసిన ఆముదాలు మోకాలెత్తు కూడా రాకముందే ఎండిపోయాయి. ఆ సంక్రాంతికి ముందు అత్త వాళ్లింటి నుంచి రెండు బస్తాల బియ్యం వచ్చాయి. గోనె మూతిని దబ్బనంతో, పురికొసతో కుట్టిన కుట్లు నాకింకా కళ్ల ముందే ఉన్నాయి. మా అమ్మ ఆ పురికొస తెంపకుండా ఓపిగ్గా విప్పి, చుట్టి, గూట్లో దాచింది. స్టాటిస్టిక్స్ చదివిన చాలా ఏళ్లకు గానీ ఆ బస్తాల వెనక ఎంత లెక్క ఉందో నాకు తెలియలేదు.

ఆ లెక్క తేలింది కూడా మా దగ్గరే. మెట్ట పంటల మీద పరిశోధన చేసే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో మెట్ట ప్రాంతాల బతుకును ఇంటింటా లెక్కగట్టాలని ఆరు ఊళ్లను ఎంచుకుంది. రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి: ఔరేపల్లి, డోకూరు. మిగతా నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి. ఔరేపల్లి ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోకి పోయింది. డోకూరు మాత్రం మా దేవరకద్ర మండలమే. ఒక్కో ఊళ్లో 40 ఇళ్లు తీసుకున్నారు. భూమి లేనివాళ్లు 10, చిన్న రైతులు 10, మధ్య తరగతి రైతులు 10, పెద్ద రైతులు 10. సర్వే చేసే మనిషి ఆ ఊళ్లోనే కాపురం ఉంటూ, కొద్ది వారాలకోసారి అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లేవాడు. ఏం పండింది, ఏం తిన్నారు, ఎవరికి జ్వరం వచ్చింది, ఎన్ని రోజులు కూలి దొరకలేదు, ఎవరి దగ్గర అప్పు తెచ్చారు, అన్నీ రాసుకునేవాడు. ఒక్కసారి వచ్చి ఫారం నింపుకుపోయే సర్వేకూ దీనికీ పోలికే లేదు. ఒకే ఇంటిని ఏళ్ల తరబడి చూస్తేనే ఆ ఇంటి రాబడి ఎంత ఊగుతుందో తెలుస్తుంది. మెట్ట రైతుకు సగటు రాబడి కంటే ఆ ఊగిసలాటే అసలు సమస్య.

ఎందుకో ఒక చిన్న లెక్కలో చూద్దాం. ఊళ్లో 100 ఇళ్లున్నాయి. ఏడాదిలో ఒక ఇంటికి పెద్ద కష్టం, అంటే ఎద్దు చావడమో ఇంటాయన కాలు విరగడమో, వచ్చే అవకాశం పదింట ఒకటి. వస్తే నష్టం 10,000 రూపాయలు. ఒకరి కష్టానికి మరొకరి కష్టంతో సంబంధం లేదు. అప్పుడు ఏటా సగటున 10 ఇళ్లు దెబ్బతింటాయి, ప్రామాణిక విచలనం, అంటే సగటుకు అటూ ఇటూ ఊగే కొలత, 3. దానికి రెండింతలు అటూ ఇటూ చూసుకుంటే చాలా ఏళ్లలో దెబ్బతినే ఇళ్లు 4కూ 16కూ మధ్యే ఉంటాయి. ఇంటికి 1,600 చొప్పున చందా వేసుకుంటే ఊరు ఊరంతా దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు.

ఇప్పుడు కష్టం అంటే కరువు అనుకోండి. అవకాశం అదే పదింట ఒకటి, సగటు నష్టం కూడా అంతే. కానీ దెబ్బ పడితే 100 ఇళ్ల మీదా ఒకేసారి పడుతుంది. కావలసింది 10 లక్షలు, పెట్టెలో ఉన్నది 1,60,000. సగటు ఒక్క పైసా మారలేదు, ఊరు మాత్రం మునిగింది. రెండు లెక్కలకూ తేడా ఒక్కటే: కష్టాలు విడివిడిగా వస్తాయా, కలిసి వస్తాయా అన్నది. దీన్నే సహసంబంధం అంటారు. నా మటుకు నాకు స్టాటిస్టిక్స్ మొత్తంలో పల్లెకు ఇంతకన్నా పనికొచ్చే మాట కనబడలేదు.

రాబర్ట్ టౌన్సెండ్ అనే ఆర్థికవేత్త ఔరేపల్లి, మహారాష్ట్రలోని మరో రెండు ఊళ్ల లెక్కలు తీసుకుని 1994లో ఒక పేపర్ రాశాడు. ఒక ఇంట్లో జబ్బు చేసినా, కూలి దొరక్కపోయినా ఆ ఇంటి తిండి ఎంత తగ్గుతోందని చూశాడు. అనుకున్నంత తగ్గలేదు. ఊరి సగటు తిండి ఎటు పోతే ప్రతి ఇంటి తిండీ దాదాపు అటే పోతోంది. చేబదులు, అప్పు, ఇచ్చిపుచ్చుకోవడం అన్నీ కలిసి, పేరు లేని బీమాలా పనిచేస్తున్నాయన్నమాట. ఊరి బీమా సంపూర్ణం అనే మాట మాత్రం పరీక్షకు నిలబడలేదు. మూడు ఊళ్లలో ఒకచోట భూమి లేనివాళ్లకు ఆ రక్షణ తక్కువగా ఉన్నట్టు కూడా తేలింది. చేబదులు అడగడానికైనా చేతిలో కొంత ఉండాలి కదా.

ఇక కలిసి వచ్చే కష్టానికి ఊరి లోపల మందు లేదు. కరువేట ఎడ్లను అమ్ముకోవడం మా వైపు అందరికీ తెలిసిందే. రోజెన్‌జ్వైగ్, వోల్పిన్ అనే ఇద్దరు ఇవే లెక్కలతో 1993లో దాన్ని అంకెల్లో చూపించారు. తిండి కోసం ఎడ్లను అమ్మితే మరుసటి ఏడు దున్నడానికి ఎడ్లుండవు. పైగా ఊరంతా ఒకేసారి సంతకు తోలితే ధర ఏం పలుకుతుంది?

నల్లగొండ ఫ్లోరైడ్ కూడా ఇలాంటి కష్టమే. గ్రానైట్ రాళ్లలోంచి భూగర్భ నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. మన ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. మర్రిగూడ వైపు ఊళ్లలో అంతకు మించిన నీళ్లు తాగి పళ్లు గారపట్టి, ఎముకలు వంగిన మనుషులు ఉన్నారు. ఒక ఇంట్లో జబ్బు అయితే పక్కింటివాళ్లు ఆదుకుంటారు, కానీ పక్కింటివాళ్లదీ అదే బోరు. జిల్లా సగటు ఫ్లోరైడ్ ఇంత అని చెబితే నాకు కడుపు రగులుతుంది, ఎందుకంటే సగటు నీళ్లు ఎవరూ తాగరు. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరుంది. చివరికి ఆ ఊళ్లకు పెద్ద ఆసరా అయింది మాత్రం దూరం నుంచి తెచ్చిన కృష్ణ నీళ్లు. ఎక్కడో మహాబలేశ్వరం దగ్గర పుట్టిన నదికి మర్రిగూడ రాళ్లతో పనేముంది?

దూరం. మా నాయనమ్మ మాట కూడా అదే. రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో ఈ ఊళ్ల పెళ్లిళ్లనే పట్టుకుని కూర్చున్నారు. దూరం పెరిగేకొద్దీ రెండు ఊళ్ల వానలు ఒకేలా ఉండే అవకాశం తగ్గుతుంది. ఇక్కడ ఎండిన ఏడు అక్కడ పండొచ్చు. పంట రాబడి ఎక్కువగా ఊగే కుటుంబాలే పిల్లలకు మరింత దూరపు సంబంధాలు చేస్తున్నాయని, అలా చేసిన ఇళ్లలో తిండి హెచ్చుతగ్గులు తగ్గాయని వాళ్ల లెక్కల్లో తేలింది. అయితే ఆ లెక్కలో మా అత్త ఏడుపు లేదు. పండక్కి ఒకసారి తప్ప పుట్టిల్లు చూడని మనిషి ఆమె. మా ఇంటి బీమాకు ప్రీమియం కట్టింది ఆమేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

డబ్బు ప్రీమియంతో అదే పని చేయొచ్చని 2003లో మా జిల్లాలోనే మొదటి ప్రయత్నం జరిగింది. పల్లెల్లో చిన్న అప్పులిచ్చే బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి, ప్రపంచ బ్యాంకు సాయంతో, పల్లి, ఆముదం రైతులకు వాన బీమా అమ్మాయి. పంట నష్టం చూడటానికి ఎవరూ చేనుకు రారు. వానమాపకంలో నమోదైన అంకెను బట్టి డబ్బు వస్తుంది. ఉదాహరణకు ఒక దశలో 70 మిల్లీమీటర్లు పడాలి, తగ్గిన ప్రతి మిల్లీమీటరుకు 10 రూపాయలు అనుకుంటే, 40 పడితే 300 వస్తాయి. అబద్ధపు క్లెయిమ్‌కు తావు లేదు, ఖర్చూ తక్కువ. కరువు మా జిల్లా మొత్తానికి వచ్చినా కంపెనీ సొమ్ము వేరే చోట్ల నుంచి కూడా వస్తుంది కాబట్టి తట్టుకుంటుంది. ఆలోచన గొప్పది, ఆ మాట నిండు మనసుతో అంటున్నాను.

మరి ఎవరు కొన్నారు? జినే, టౌన్సెండ్, వికెరీ అనే ముగ్గురు పరిశీలించారు. నష్టమంటే ఎక్కువ భయపడేవాళ్లే ఎక్కువగా కొంటారని పుస్తకం చెబుతుంది. ఇక్కడ తిరగబడింది, వాళ్లే తక్కువ కొన్నారు. బేసిక్స్‌తో ముందే పరిచయం ఉన్నవాళ్లు ఎక్కువ కొన్నారు.

ఇది అర్థం కావాలంటే ఇంకా వెనక్కి, హాన్స్ బిన్స్‌వాంగర్ ఇవే ఆరు ఊళ్లలో 240 ఇళ్లతో ఆడించిన బొమ్మా బొరుసు ఆటకు పోవాలి. 1980లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఊరికే 50 రూపాయలు తీసుకోండి, లేదా నాణెం ఎగరేసి ఒకవైపు పడితే 30, రెండోవైపు పడితే 150 తీసుకోండి, లేదా 0 గానీ 200 గానీ. ఇలా ఎన్నో మెట్లు. డబ్బు నిజంగా చేతిలో పెట్టారు. ఆటలో పెద్ద మొత్తం కూలివాడి నెల రాబడిని దాటేది. డబ్బు పెరిగేసరికి దాదాపు అందరూ మధ్యస్థంగా జాగ్రత్తపడ్డారు. పెద్ద రైతుకూ పేదవాడికీ ఉన్న తేడా గణాంక పరీక్షకు నిలిచేంత లేదు. నోటి మాటతో అడిగితే చెప్పిన జవాబులు మాత్రం ఈ ఆటలో చేసినదానితో అసలు కలవలేదు. పేదవాడు తెగించలేడు, అందుకే వెనకబడ్డాడు అనేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి చదవాలి.

అంత జాగ్రత్త మనిషికి వాన బీమా ఎలా కనబడుతుంది? ప్రీమియం కట్టి, చేను ఎండి, వానమాపకం ఉన్న చోట మాత్రం జోరుగా పడితే, పంటా పోయె, కట్టిన డబ్బూ పోయె. బీమా లేని రైతు కంటే ఎక్కువ నష్టం. అంటే అతని దృష్టిలో బీమాయే ఒక జూదం. భయపడేవాడు జూదానికి దూరంగా ఉన్నాడు, అతని లెక్క తప్పేం కాదు.

మా నాయిన కూడా ఒక ఏడు ఇలాంటి బీమా కట్టాడు. మా చెలక ఎండింది, డబ్బు రాలేదు. అడగబోతే అంకెలు చూపించారట. ఇంటికొచ్చి, "మండలంల పడ్డ వాన మన చెల్కల పడ్డట్టేనా?" అన్నాడు. సాధారణ వానమాపకం మూతి 200 చదరపు సెంటీమీటర్లు, అంటే 16 సెంటీమీటర్ల వెడల్పు కూడా ఉండదు. 1 మిల్లీమీటరు వాన పడితే అందులో చేరేది 20 మిల్లీలీటర్ల నీళ్లు. ఆ గుప్పెడు నీళ్లు ఎన్నో ఊళ్ల తరఫున సాక్ష్యం చెప్పాలి.

ఇప్పుడు రాష్ట్రంలో ఆటోమేటిక్ కేంద్రాలు వెయ్యికి పైగా వచ్చాయి, సాక్షులు పెరిగారు. నేనూ ఒక వానమాపకం కొని చెలక గట్టున పాతాను. వాన కురిసిన మర్నాడు ఎనిమిదిన్నరకు నాయిన పోయి కొలిచి ఫోన్ చేస్తాడు. అంకె చెప్పాక, వేలితో మట్టి తవ్వి పదును ఎంత లోతు దిగిందో కూడా చెబుతాడు. ఆ రెండింటినీ, మండలం అంకెనూ పక్కపక్కన ఒక నోటుబుక్కులో రాస్తున్నాను.