స్కెచ్ పెన్ సీరియల్ నంబరు నుంచి ‘సపోర్ట్‌గా కొన్నా’ దాకా

2000ల మొదట్లో విజయవాడ గవర్నర్‌పేటలోనైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా కంప్యూటర్ గేమ్ అంటే తెల్ల కవర్లో పెట్టిచ్చే కాపీ సీడీయే. కవర్ మీద స్కెచ్ పెన్‌తో గేమ్ పేరు, దాని కింద సీరియల్ నంబరు. సీడీలో సెటప్‌తో పాటు ‘క్రాక్’ అని ఒక ఫోల్డర్. ఇన్‌స్టాల్ అయ్యాక అందులోని ఫైలు తీసి అసలు ఫైలు మీద పేస్ట్ చేయాలి. ఆ పని మర్చిపోతే సీడీ డ్రైవులోనే ఉన్నా ‘సీడీ పెట్టండి’ అంటుంది. యాంటీవైరస్ ఉన్న ఇంట్లో ఆ ఫైలును అదే మింగేస్తుంది, మళ్లీ షాపుకు పరుగు.

అలా నెట్ సెంటర్లన్నీ తిరిగిన గేముల్లో ‘ప్రాజెక్ట్ ఐజీఐ’ది పెద్దపీట. 14 మిషన్లు, మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు, చివర్లో చచ్చిపోతే మొదటికే. 2000 డిసెంబరులో వచ్చిన ఆ గేమ్‌ను చేసింది నార్వేలోని ఓస్లో నగరానికి చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్, అమ్మింది ఐడోస్ అనే బ్రిటన్ కంపెనీ. రెండో భాగం 2003లో వచ్చింది. ఇన్నర్‌లూప్ మూతపడిందీ ఆ ఏడాదే. మన కాపీ సీడీల వల్లే మూతపడిందంటే అది గొప్పలు పోవడమే అవుతుంది. ఒక్కటి మాత్రం నిజం. సీడీ రాసిన షాపతనికి డబ్బు ముట్టింది, ఖాళీ సీడీ చేసిన కంపెనీకి ముట్టింది, ఓస్లోకు పైసా పోలేదు. పోవాలన్న ఆలోచన కూడా అప్పట్లో ఎవరికీ లేదు.

ఆనాటి పిల్లలకిప్పుడు జీతాలున్నాయి, తీరికే లేదు. సేల్ వచ్చినప్పుడల్లా గేములు కొంటారు, సగం తెరవరు. అడిగితే ‘డెవలపర్‌కి సపోర్ట్‌గా కొన్నా’ అంటారు. ఆ మాటలో ఎంత నిజముందో తేలాలంటే గేమ్ చేసినవాడికీ అమ్మేవాడికీ మధ్య ఉన్న పాత తగాదా దగ్గర మొదలుపెట్టాలి.

1970ల చివర్లో అటారీ కంపెనీలో ఒక్కో గేమ్‌ను చాలావరకు ఒక్క మనిషే చేసేవాడు. డబ్బా మీద అతని పేరుండేది కాదు, అమ్మకాల్లో వాటా ఉండేది కాదు, జీతంతో సరి. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ తన ‘అడ్వెంచర్’ గేమ్‌లో ఒక రహస్య గది కట్టి, అందులో తన పేరు దాచిపెట్టాడు. అదే కోపంతో డేవిడ్ క్రేన్, లారీ కాప్లన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనే నలుగురు బయటికొచ్చేశారు. 1979లో వాళ్లతో మొదలైందే యాక్టివిజన్. చేసినవాళ్ల పేరు డబ్బా మీద వేస్తామన్నది ఆ కంపెనీ మొదటి గొప్ప. అదే యాక్టివిజన్ తర్వాత ఇతరులు చేసిన గేములు అమ్మే ఎంత పెద్ద పబ్లిషరైందో తెలిసిందే. కోడలు అత్తగారైంది.

డబ్బు నేరుగా తయారుచేసినవాడికే చేరిన రోజులు కూడా ఉన్నాయి. 1982లో ఆండ్రూ ఫ్లూగల్‌మన్ ‘పీసీ-టాక్’ను, జిమ్ నాఫ్ ‘పీసీ-ఫైల్’ అనే ప్రోగ్రామ్‌ను ‘కాపీ చేసి పంచుకోండి, నచ్చితే డబ్బు పంపండి’ అని వదిలారు. షేర్‌వేర్ అలా పుట్టింది. గేముల్లోకి వచ్చేసరికి 1987లో అపోజీ అనే గేమ్ కంపెనీ నడిపిన స్కాట్ మిల్లర్ దానికి మెలిక పెట్టాడు. మొదటి భాగం ఉచితం, మిగతా భాగాలు కావాలంటే డబ్బు కట్టాలి. కేవలం మంచితనం మీద ఆధారపడితే పూట గడవదని అతనికి తెలుసు. 1993 డిసెంబరు 10న ‘డూమ్’ వచ్చింది ఈ పద్ధతిలోనే. తొమ్మిది లెవెళ్ల మొదటి భాగాన్ని ఎవరైనా ఎవరికైనా ఇవ్వొచ్చు. మిగతాది కొన్నవాడి డబ్బు మాత్రం ఆ గేమ్ రాసిన కొద్దిమంది ఆఫీసుకే వెళ్లింది. ‘సపోర్ట్’ అనే మాట పూర్తిగా నిజమైన కాలం ఏదైనా ఉందంటే అది ఇదే.

అంత సూటిగా జరగని లావాదేవీకి పబ్లిషర్ ఒప్పందం పేరు. మిర్చి యార్డు చుట్టుపక్కల వాళ్లకు దాని లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. రైతు పంటకు ముందే కమిషన్ ఏజెంటు దగ్గర పెట్టుబడి తీసుకుంటాడు, టిక్కీలు యార్డుకొచ్చాక ముందు ఆ బాకీ తెగాలి, తర్వాతే చేతికి డబ్బు. పబ్లిషరూ అంతే. గేమ్ తయారయ్యేదాకా విడతలుగా డబ్బిస్తాడు. అమ్మకాల్లో స్టూడియోకు రావాల్సిన వాటాలోంచి ఆ మొత్తం తీరేదాకా స్టూడియోకు కొత్తగా ఏమీ రాదు. చాలా గేములు ఆ గీత దాటనే దాటవు. పెద్ద కంపెనీల్లో పనిచేసే వందలమందికైతే జీతమే, అమ్మకాన్ని బట్టి బోనస్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కాబట్టి ఖరీదైన పెద్ద గేమ్‌ను సపోర్ట్ పేరుతో కొంటే ఆ డబ్బు చేరేది ఒప్పందం మీద సంతకం పెట్టిన కంపెనీకి. గేమ్‌లో చెట్లు గీసినమ్మాయికి కాదు.

2003 సెప్టెంబరులో వాల్వ్ కంపెనీ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్ తెచ్చాక షాపు, డబ్బా, సీడీ మెల్లగా పక్కకు జరిగాయి. స్టోర్ వాటా 30 శాతం. మన దగ్గర అది అక్కరకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు తక్కువ, ధరలు డాలర్లలో. నెట్ సంగతి సరేసరి. బీఎస్ఎన్ఎల్ ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా డౌన్‌లోడ్‌కు లెక్కలేదు కాబట్టి టోరెంట్లన్నీ ఆ వేళకే పెట్టేవాళ్లు. హాస్టల్‌లో ఒక్కడు దింపితే హార్డ్ డిస్కు అంతస్తులన్నీ తిరిగొచ్చేది.

అదే సమయంలో అటువైపు చిన్న డెవలపర్లు దొంగ కాపీలను తిట్టడం మానేసి, కొనేవాళ్ల మనసు మీద పందెం కాశారు. 2008లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ గూ’కు కాపీ రక్షణే పెట్టలేదు. ఆడుతున్నవాళ్లలో 90 శాతం దాకా దొంగ కాపీలేనని దాన్ని చేసిన ఇద్దరే లెక్కకట్టి చెప్పారు. 2010 మేలో హంబుల్ బండిల్ మొదలైంది. కొన్ని చిన్న గేములు కలిపి ‘ఎంతిస్తారో మీ ఇష్టం’ అన్నారు. ఇచ్చిన దాంట్లో డెవలపర్లకెంత, ధర్మ సంస్థలకెంత అన్నది కొనేవాడే స్లైడర్ జరిపి తేల్చాలి. మొదటి బండిల్‌కే 12 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. డెవలపర్‌ను ఆదుకోవడం అనేది స్క్రీన్ మీద జరపగలిగే బటన్ అయింది అప్పుడే.

2012లో డబుల్ ఫైన్ స్టూడియో జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో 4 లక్షల డాలర్లు అడిగితే 87 వేలమందికి పైగా కలిసి 33 లక్షలు ఇచ్చారు. అప్పటికి గేమ్ లేదు, మాట మాత్రమే ఉంది. 2013 మార్చిలో స్టీమ్ ‘ఎర్లీ యాక్సెస్’ పెట్టింది. సగం వండిన గేమ్‌ను ఇప్పుడే కొనండి, మిగతాది మీ డబ్బుతో వండుతాం అన్నమాట. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఎర్లీ యాక్సెస్ గేమ్ పూర్తవుతుందన్న హామీ లేదని ఆ పేజీలోనే రాసుంటుంది. ఆఖరి అప్‌డేట్ తేదీ చూడకుండా కొంటే ఆగిపోయిన పనికి చందా ఇచ్చినట్టే.

ఆ ఏడాదే ఒక కొంటె పని జరిగింది. ‘గేమ్ డెవ్ టైకూన్’ చేసిన చిన్న కంపెనీ తన గేమ్ దొంగ కాపీని తానే టోరెంట్‌లో పెట్టింది. గేమ్ కంపెనీ నడపడమే ఆ ఆట. ఆ కాపీలో ఎంత బాగా ఆడినా చివరికి మన గేములన్నీ పైరసీ పాలై కంపెనీ దివాలా తీస్తుంది. మొదటి రోజు 214 మంది కొన్నారు, కనీసం 3,104 మంది దొంగ కాపీ ఆడారు. వాళ్లలో కొందరు ‘పైరసీని ఆపే మార్గం గేమ్‌లో లేదా?’ అని నిజంగానే అడిగారు.

స్టీమ్ ధరలు రూపాయల్లోకి మారింది 2015 నవంబరులో. తర్వాత యూపీఐ తోడైంది. అప్పటినుంచి బెజవాడలో గేమ్ కొనడం పునుగుల బండి దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినంత పని. ఆ డబ్బు ఎలా చీలుతుందో చూద్దాం. గేమ్ ధర 500 రూపాయలు. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది, అది తీస్తే 423 రూపాయల 73 పైసలు. స్టోర్ వాటా 30 శాతం, అంటే 127. మిగిలింది 296 చిల్లర. పబ్లిషర్ ఉండి, సగం సగం ఒప్పందమై, పెట్టుబడి బాకీ తీరిపోయి ఉంటే స్టూడియోకు 148. అదే గేమ్‌ను 75 శాతం తగ్గింపులో 125కి కొంటే పబ్లిషర్ లేనివాడికి 74, ఉన్నవాడికి 37. ఆఫీసు అద్దె, జీతాలు, ఆదాయపు పన్ను ఇందులోంచే. ఏడాది ఆగి సేల్‌లో కొనడం తప్పేం కాదు, మన జేబు మనది. దాన్ని సపోర్ట్ అనాలంటే మాత్రం ఈ 37 గుర్తుండాలి.

30 శాతం అందరికీ ఒకటి కాదు. 2018 చివర్లో స్టీమ్ కోటి డాలర్ల అమ్మకం దాటిన గేమ్‌కు 25 శాతం, 5 కోట్లు దాటితే 20 శాతం చేసింది. పెద్దవాళ్లకు తగ్గింది, చిన్నవాడికి అలాగే ఉంది. ఆ డిసెంబరులోనే వచ్చిన ఎపిక్ స్టోర్ 12 శాతమే తీసుకుంటానంది. ఎక్కువగా చిన్న డెవలపర్ల గేములు అమ్మే ఇచ్.ఐఓ సైట్‌లో స్టోర్‌కు ఎంతివ్వాలో డెవలపరే పెట్టుకుంటాడు. సున్నా కూడా పెట్టొచ్చు, మార్చకపోతే 10.

ఎవరికి చేరుతుందో చూడకుండా కొంటే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చాలు. ‘డిస్కో ఎలీసియం’ 2019లో వచ్చింది. దాన్ని ఊహించి, రాసి, గీసినవాళ్లలో ముఖ్యులైన ముగ్గురు 2021 చివరికల్లా తమ ఇష్టంతో కాకుండానే కంపెనీ బయట ఉన్నారని 2022 అక్టోబరులో లోకానికి తెలిసింది. గేమ్ హక్కులు కంపెనీవి. ఆ తర్వాత అభిమానంతో కొన్న ప్రతి కాపీ డబ్బు ఆ కంపెనీకే. రెండోది ‘హై-ఫై రష్’. 2023 జనవరిలో వచ్చి అందరి మెప్పూ పొందింది. 2024 మేలో యజమాని మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోను మూసేస్తున్నట్టు ప్రకటించింది. మెప్పు, ఆటగాళ్ల సంఖ్య ఏవీ ఆపలేదు. ఆగస్టులో దాన్ని తీసుకుని నిలబెట్టింది క్రాఫ్టన్, మన పిల్లలు ఫోన్లలో ఆడే బీజీఎంఐ కంపెనీ. ఇక్కడి ఫోన్లలో ఆ గేమ్ బొమ్మలకు కొన్న డ్రెస్సుల డబ్బులో ఓ చుక్క అటు వెళ్లిందేమో!

సపోర్ట్ అనుకుని నష్టం చేసే దారి కూడా ఉంది. బయటి సైట్లలో చవగ్గా దొరికే కీలు, అంటే గేమ్‌ను మన ఖాతాలో చేర్చే కోడ్‌లు. దొంగిలించిన కార్డుతో కీ కొని, దాన్ని అక్కడ అమ్మేస్తారు. కార్డు అసలు యజమాని బ్యాంకులో ఫిర్యాదు చేయగానే డెవలపర్‌కు వచ్చిన డబ్బు వెనక్కి పోతుంది, పైగా ఛార్జ్‌బ్యాక్ రుసుము పడుతుంది. ‘ఫ్యాక్టోరియో’ చేసిన చెక్ కంపెనీ వూబ్ విషయంలో ఇది రుజువైంది. అలాంటి 198 కీలు తమ దగ్గర అమ్ముడయ్యాయని తేలాక 2020లో జీ2ఏ సంస్థ వూబ్‌కు 39,600 డాలర్లు కట్టింది. అంతకుముందే, ఆ సైట్లో కొనేకన్నా దొంగ కాపీ ఆడుకోండి అని కొందరు డెవలపర్లు బాహాటంగా చెప్పారు. వూబ్ మరో మొండితనం కూడా చేస్తుంది. తన గేమ్‌ను ఎప్పుడూ, ఏ సేల్‌లోనూ తగ్గించదు.

రీఫండ్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. 2015 జూన్ నుంచి స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది. గంటన్నరలో ముగిసే గేమ్ చేసినవాడి గతేమిటి? 2021 ఆగస్టులో ‘సమ్మర్ ఆఫ్ 58’ చేసిన ఎమికా గేమ్స్ ఇదే కారణం చెప్పి, గేములు చేయడం కొన్నాళ్లు మానేస్తున్నట్టు ప్రకటించింది. బాగుందని రివ్యూ రాసినవాళ్లు కూడా డబ్బు వెనక్కి తీసుకున్నారట.

దగ్గర్లోని వాళ్లను చూస్తే, హైదరాబాద్ ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ తెచ్చింది. పుణె నోడింగ్ హెడ్స్ ‘రాజీ’కి 2017లో కిక్‌స్టార్టర్‌లో అడిగిన డబ్బు రాలేదు. అయినా 2020లో గేమ్ వచ్చింది. ఇలాంటివాళ్లు స్టీమ్‌లో ఒక్కో గేమ్ పెట్టడానికి 100 డాలర్లు ముందు కట్టాలి, అమ్మకం 1,000 డాలర్లు దాటాకే అది తిరిగొస్తుంది. అమెరికాలో అమ్ముడైన కాపీల మీద అక్కడి పన్ను 30 శాతం కోస్తారు. పాన్ నంబరుతో రెండు దేశాల పన్ను ఒప్పందం ఫారం నింపితే 15కు తగ్గుతుంది. ఇక్కడ మనం కొన్న కాపీ మీద ఆ కోత ఉండదు.

ఇలాంటి గేమ్‌ను నిజంగా ఆదుకోవాలనుకుంటే ముందు స్టోర్ పేజీలో ‘డెవలపర్’, ‘పబ్లిషర్’ అనే రెండు వరుసలు చూడండి. రెండింట్లో ఒకే పేరుంటే మధ్యలో ఏజెంటు లేనట్టే. విడుదలకు ముందే విష్‌లిస్ట్‌లో, అంటే కొనాలనుకునేవాటి జాబితాలో వేయండి, ఖర్చు లేదు. కొనేది స్టీమ్‌లోనే కొని, కాస్తయినా ఆడి, నాలుగు వాక్యాల రివ్యూ రాయండి. 10 రివ్యూలు వచ్చేదాకా గేమ్ పేరు పక్కన మంచీచెడూ మాటే కనిపించదు. బయట కొన్న కీతో రాసిన రివ్యూలు 2016 నుంచి ఆ లెక్కలోకి రావు. ఆ పదిలో ఒకటి కావడం, ఆడకుండా కొనిపడేసిన మూడు కాపీలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఇచ్.ఐఓలో అడిగిన దానికన్నా ఎక్కువ ఇవ్వొచ్చు. కార్డుకు విదేశీ చెల్లింపులు బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి, 2020 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ నిబంధన అది. ఆన్ చేయకపోతే ఓటీపీ దాకా కూడా వెళ్లదు. డాలర్ మార్పిడికి చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం వేస్తాయి, దానిమీద జీఎస్టీ. అటువైపు చెల్లింపుల కంపెనీ ప్రతిసారీ సుమారు 30 సెంట్లు, పైన 2.9 శాతం పట్టుకుంటుంది. అందుకే ఒక డాలర్ చొప్పున ఐదుసార్లు ఇస్తే దారిలో పోయేది 1 డాలర్ 65 సెంట్లు, ఒకేసారి ఐదు డాలర్లిస్తే 45 సెంట్లు.