నెల తప్పకముందే రండి: హెచ్‌ఐవీ, సంతానం - అపోహలు, వాస్తవాలు

అపోహ: కడుపు నిలిచాక ఆసుపత్రికి వెళ్తే చాలు, ఏదో మందిచ్చి బిడ్డను కాపాడేస్తారు.

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. సూరత్ మరమగ్గాల నుంచి భర్త సెలవుకొస్తాడు, ఇంట్లో పెద్దలు తొందరపెడతారు, కండోమ్ పక్కకుపోతుంది. మూడో నెలలో ఏఆర్‌టీ సెంటర్‌కి (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటుకి) వస్తారు. అప్పుడొచ్చినా మంచిదే. కానీ బిడ్డకు సోకడం, సోకకపోవడం చాలావరకు తల్లి రక్తంలో వైరస్ ఎంతుందన్న దాన్నిబట్టే ఉంటుంది. ఏ మందూ లేకపోతే, పాలిచ్చే కాలంతో కలిపి నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకుతుంది. గర్భానికి ముందునుంచే మాత్రలు వాడి, ప్రసవం దాకా వైరస్ అణిగి ఉంటే పుట్టేనాటికి ఆ ప్రమాదం 1 శాతం లోపే.

కాబట్టి ముందు టీఎల్‌డీ మాత్ర (మూడు హెచ్‌ఐవీ మందులు కలిసినది), రోజుకొకటి, ఒకే వేళకు. మాత్రలు మొదలెట్టి 6 నెలలు నిండాక రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష, సెంటర్‌లో ఉచితం. "సీడీ4 బాగుందన్నారు కదండీ" అంటే కుదరదు. అది ఒంట్లో రోగనిరోధక శక్తి లెక్క, ఇది వైరస్ లెక్క. రిపోర్టులో 1000 లోపుంటే మందు పనిచేస్తోందని సెంటర్‌లో రాసుకుంటారు. కండోమ్ మానడానికి ఆ అంకె చాలదు, 200 లోపు రావాలి. దంపతుల్లో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్నా ఇదే లెక్క: 2016, 2019ల్లో వెలువడ్డ పార్ట్‌నర్ అధ్యయనాల్లో, 200 లోపున్నవారి నుంచి కండోమ్ లేకుండా కలిసినా భాగస్వామికి సోకిన సందర్భం ఒక్కటీ లేదు. సుఖవ్యాధుల పరీక్ష కూడా ఇద్దరూ చేయించుకోండి. నెలసరి 28 రోజులకు వచ్చేవారు 10 నుంచి 16వ రోజు మధ్య ప్రయత్నించి, మిగతా రోజులు కండోమ్ వాడుకోవచ్చు. ఊరుకాని ఊళ్లో రెండు నెలలు మాత్రలు మానేసి వచ్చిన భర్త పాత రిపోర్టు చూపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మాత్రలు మళ్లీ మొదలెట్టించి, కొత్త రిపోర్టు వచ్చేదాకా ఆగండి.

అపోహ: మాత్రలు వేడి చేస్తాయి, నెల తప్పగానే ఆపేయాలి.

ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది. టీఎల్‌డీలో ఉండే డొలుటెగ్రవిర్ వల్ల శిశువు వెన్నుకు లోపం వస్తుందేమోనని 2018లో బోట్స్‌వానా నుంచి అనుమానం వచ్చిన మాట నిజం. ఇంకా ఎక్కువమంది గర్భిణులను గమనించాక అది నిలబడలేదు. పుకారు మాత్రం పోలేదు!

అసలు చూసుకోవాల్సింది ఆశా దీదీ ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రల్ని. ఖాళీ కడుపుతో వాటితోపాటు టీఎల్‌డీ వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. వాటికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోవాలి. ఉదయం టిఫినయ్యాక కాల్షియం, మధ్యాహ్నం ఐరన్, రాత్రి 9కి టీఎల్‌డీ. రెండో కాల్షియం కూడా రాసి ఉంటే రాత్రి అన్నంతోపాటు దాన్నీ, టీఎల్‌డీనీ కలిపి వేసుకోవచ్చు.

అపోహ: సిజేరియన్ తప్పదు. హెచ్‌ఐవీ ఒక్కటే కారణమైతే అక్కర్లేదు. కాన్పు చేయబోమని పంపేస్తే, హెచ్‌ఐవీ పేరుతో వైద్యం నిరాకరించడాన్ని 2017 చట్టం నిషేధించిందని చెప్పండి.

పురుడు పోసుకోవడానికి ఇచ్ఛాపురం, సోంపేట వైపు పుట్టింటికి వెళ్లేవారు సెంటర్‌లో ముందే చెప్పి, ఏఆర్‌టీ పుస్తకం వెంట తీసుకెళ్లండి. 32-36 వారాల మధ్య చేసే వైరల్ లోడ్ తప్పిపోకూడదు, బిడ్డ మందు దాన్నిబట్టే ఉంటుంది. 1000 లోపుంటే నెవిరపిన్ సిరప్ 6 వారాలు. రెండున్నర కిలోలు దాటిన బిడ్డకు రోజుకోసారి 1.5 ఎంఎల్. ఎక్కువుంటే జిడోవుడిన్ కూడా కలిపి, తల్లిపాలు తాగే బిడ్డకు 12 వారాలిస్తారు.

పాల విషయంలో 6 నెలలు తల్లిపాలే, లేదంటే పూర్తిగా పోతపాలే. రెండూ కలిపితేనే చేటు. అత్తగారు నాకించే తేనె, పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి; లేత పేగు పొర దెబ్బతింటే వైరస్‌కు దారి దొరుకుతుంది.

అపోహ: బిడ్డకు పాజిటివ్ అని వచ్చింది, ఇక అయిపోయింది.

ప్రైవేటు ల్యాబులో మామూలు కిట్‌తో చేసిన పరీక్షయితే అది తల్లి యాంటీబాడీలను పట్టుకుని ఉండొచ్చు. అవి 18 నెలల దాకా ఉండగలవు. 6 వారాలప్పుడు మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షలో తెలుస్తుంది. ఆ తర్వాత 6, 12 నెలలకు మళ్లీ పరీక్ష. 18 నెలలు నిండి, పాలు మాన్పి 3 నెలలైనా దాటాక తుది పరీక్ష. 6 వారాలప్పటి ఆ మొదటి రిపోర్టు వచ్చేదాకా కంటికి కునుకుండదు, నిజమే. సెంటర్‌లో చెప్పినన్ని వారాలూ సిరప్ ఒక్కరోజు కూడా తప్పించకండి, ఇతర ఇన్ఫెక్షన్లు రాకుండా ఆరో వారం నుంచి ఇచ్చే కోట్రైమాక్సజోల్‌ను సొంతంగా ఆపకండి.