యూరిన్ నీళ్ళలా వస్తే కిడ్నీలు బాగున్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

కిడ్నీ డాక్టరుగా ఓపీలో తరచూ వినే మాటలివి. చాలావాటికి మూలం ఒకటే: కిడ్నీ పనంటే యూరిన్ తయారుచేసి బయటికి పంపడమే అనుకోవడం. నిజానికి వడకట్టినదాన్ని వెనక్కి లాక్కోవడంలోనే దానికి ఎక్కువ కష్టం.

అపోహ: కిడ్నీ ఒక జల్లెడ, చెత్తను ఏరి యూరిన్‌లో పడేస్తుంది.

వాస్తవం: జల్లెడ లాంటి భాగం ఉంది, గ్లోమెరులస్ అంటాం, ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షలు ఉంటాయి. కానీ దానికి ఏది చెత్తో ఏది సరుకో తెలియదు. రక్తకణాలను, పెద్ద ప్రొటీన్లను ఆపి, నీళ్ళు, ఉప్పు, గ్లూకోజ్, యూరియా (ఒంట్లో ప్రొటీన్లు ఖర్చయ్యాక మిగిలే వ్యర్థం) అన్నీ వదిలేస్తుంది, రోజుకు దాదాపు 180 లీటర్లు! మనం పోసేది లీటరున్నర. మిగతాదంతా జల్లెడ తర్వాత వచ్చే సన్నని గొట్టాల్లో రక్తంలోకి తిరిగి వెళ్ళిపోతుంది, అందులో మూడింట రెండు వంతులు మొదటి గొట్టంలోనే.

అపోహ: యూరిన్ పచ్చగా వచ్చిందంటే వేడి చేసింది, కిడ్నీలు దెబ్బతింటున్నాయి.

వాస్తవం: పొద్దున లేవగానే ముదురు పసుపు రంగులో వస్తే నేను సంతోషిస్తాను. రాత్రంతా నీళ్ళు తాగలేదు కాబట్టి కిడ్నీ ఉన్న నీటిని దాచిపెట్టిందన్నమాట. ఎలాగంటే, ఇంటర్‌లో చదివిన హెన్లీ శిక్యం గుర్తుందా, ఆ గొట్టంలోనే కిందికి దిగి మళ్ళీ పైకెక్కే వంపు అది, దాని పైకెక్కే భాగం ఉప్పును బయటికి తోడేస్తుంది, నీటిని మాత్రం వదలదు, దాంతో కిడ్నీ లోపలి పొర రక్తం కంటే నాలుగు రెట్ల దాకా గాఢంగా తయారవుతుంది (యూరియాకీ ఇందులో పెద్ద వాటా ఉంది, అది ఉత్త చెత్త కాదు). యూరిన్ చివరగా దిగే గొట్టాలు ఆ గాఢమైన పొర గుండానే వెళ్తాయి. ఒంట్లో నీళ్ళు తగ్గితే మెదడు నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ వచ్చి ఆ గొట్టాల గోడల్లో నీటి దారులు తెరుస్తుంది, నీళ్ళు లోపలి పొరలోకి లాగబడతాయి, యూరిన్ చిక్కబడుతుంది. ఎక్కువ తాగితే హార్మోన్ తగ్గి దారులు మూసుకుంటాయి, తాగిన నీళ్ళు పలచగా బయటికి పోతాయి. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకున్నా మెరిసే పసుపు రంగు వస్తుంది, టెన్షన్ పడొద్దు. ఎర్రగానో కోలా రంగులోనో వచ్చినా, కళ్ళు పచ్చబడినా మాత్రం ఆగకుండా డాక్టర్ని కలవండి.

అపోహ: ధారాళంగా, తెల్లగా వస్తోంది కాబట్టి కిడ్నీలు సూపర్.

వాస్తవం: ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. కిడ్నీ జబ్బు మొదలైనప్పుడు ముందుగా పోయేవాటిలో ఈ చిక్కబరిచే శక్తి ఒకటి. రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు, ఎప్పుడు పోసినా పలచగానే ఉంటుంది. షుగర్ అదుపులో లేకపోయినా గ్లూకోజ్ తనతో నీటిని లాక్కుపోతుంది కాబట్టి ఇలాగే ఎక్కువగా వస్తుంది. డయాలిసిస్ చేయించుకుంటూ కూడా రోజుకు లీటరు పోసేవాళ్ళున్నారు, నీళ్ళు పోతాయి గానీ వ్యర్థాలు సరిపడా పోవు. అందుకే షుగర్, బీపీ ఉన్నవాళ్ళు యూరిన్ ఎంత వస్తోందని కాకుండా ఏటా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం), యూరిన్‌లో అల్బుమిన్ (ప్రొటీన్) పరీక్షలు చేయించుకోవాలి.

అపోహ: బీరు తాగితే రాళ్ళు పోతాయి.

వాస్తవం: మద్యం ఏడీహెచ్‌ను అణిచేస్తుంది, అందుకే యూరిన్ పదేపదే వస్తుంది. రాయి కరగదు, తర్వాత ఒళ్ళు ఎండిపోతుంది. మంచినీళ్ళు చాలు.

అపోహ: రోజుకు ఐదు లీటర్లు తాగితే కిడ్నీలు శుభ్రమవుతాయి.

వాస్తవం: రాళ్ళున్నవాళ్ళు రెండున్నర లీటర్ల యూరిన్ వచ్చేలా తాగాలి, నిజమే. గుండె వైఫల్యం ఉన్నవాళ్ళకీ ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ అలా ఎక్కువ తాగడమే ప్రమాదం, వాళ్ళకు డాక్టర్ చెప్పిన లెక్కే లెక్క. ఎండలో పనిచేసేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు దాహం వేసేదాకా ఆగకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బులకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గానీ, అనుమానిస్తున్నవాటిలో ఎండా, ఒంట్లో నీళ్ళు తగ్గడమూ ఉన్నాయి. పొలం నుంచి వచ్చి నీళ్ళు కూడా తాగకుండా ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకునేవాళ్ళను చూస్తే భయమేస్తుంది. నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసే రసాయనాలను ఆ మాత్ర సరిగ్గా అప్పుడే ఆపేస్తుంది.