పైనుంచి అడ్వాన్స్ దిగిన కాలం నుంచి కింది నుంచి అప్పు ఎక్కే కాలానికి

కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు వెళితే ప్రతి టవర్ ముందూ బోర్డు మీద ఒక్కటే పేరు కనిపిస్తుంది, నిర్మాణ సంస్థది. లోపల పని మాత్రం పది మందిది. సెంట్రింగ్ ఒకరు, రాడ్ బెండింగ్ ఇంకొకరు, ప్లాస్టరింగ్, ప్లంబింగ్, వైరింగ్, టైల్స్, రంగులు తలా ఒకరు చేస్తుంటారు. వీరిలో చాలామంది కింద మళ్లీ ఒక లేబర్ కాంట్రాక్టర్, అతని కింద మేస్త్రి, మేస్త్రి కింద కూలీలు. డబ్బు ఇన్ని చేతులు మారి దిగాలి. ఎక్కడో ఒకచోట ఆగుతుంది, అక్కడ తగాదా మొదలవుతుంది. పైకి అది ఇద్దరి మధ్య మాట తప్పిన గొడవలాగే ఉంటుంది. వెనక్కి వెళ్లి చూస్తే, ఈ నగరంలో నిర్మాణానికి పెట్టుబడి పెట్టే భారం ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చి, మోయలేనివాడి నెత్తిన ఆగిందని అర్థమవుతుంది.

1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌లో పెద్ద ఎత్తున నిర్మాణాలు మొదలయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో ముగిసింది. ఆ తరం పనుల్లో, ఆ తర్వాత దేశమంతటా లేచిన ఆనకట్టల్లో మట్టి తవ్వి రాయి మోసింది ఎక్కువగా పాలమూరు కూలీలు. వారిని తీసుకెళ్లేవాడు గుంపు మేస్త్రి. కాంట్రాక్టర్ మేస్త్రికి అడ్వాన్స్ ఇచ్చేవాడు, మేస్త్రి అందులోంచి కూలీ కుటుంబాలకు అడ్వాన్స్ ఇచ్చి ఊరు కదిలించేవాడు. ఆ పద్ధతిని మెచ్చుకోవాల్సిన పని లేదు. అడ్వాన్సు తీరేదాకా కూలీ ఎటూ కదలలేడు, లెక్క మేస్త్రి చేతిలో ఉంటుంది, ఏ సీజన్‌కూ అప్పు సున్నా కాదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చాక కూడా అది ఏదో రూపంలో సాగింది. కానీ డబ్బు నడిచిన దిక్కును గమనించాలి. ముందు డబ్బు దిగేది, తర్వాత పని జరిగేది. అన్యాయం ఎంత ఉన్నా, పెట్టుబడి పైవాడిదే.

స్వాతంత్ర్యం తర్వాత సర్కారీ పనుల్లో టెండరు, అగ్రిమెంటు, చేసిన పని కొలతలు రాసే ఎం.బుక్కు స్థిరపడ్డాయి. ధరావతు, ప్రతి బిల్లులో కోసి పట్టి ఉంచే డిపాజిట్ కాంట్రాక్టర్‌కు భారమే అయినా, ఒక వెసులుబాటు ఉండేది. చాలా పనుల్లో సిమెంటు, ఇనుము శాఖే ఇచ్చి, విలువను బిల్లులోంచి మినహాయించుకునేది. సిమెంటు అప్పట్లో కంట్రోల్ సరుకు. కాంట్రాక్టర్ చేతి నుంచి పెట్టాల్సింది ప్రధానంగా కూలి, ఇసుక, కంకర. 1982లో సిమెంటుపై నియంత్రణ పాక్షికంగా, 1989లో పూర్తిగా ఎత్తేశారు. 1992లో ఇనుము వంతు వచ్చింది. సరుకు బజారులో దొరకడం మొదలైంది, కొనే బాధ్యత కాంట్రాక్టర్‌కు బదిలీ అయింది. బిల్లుల తగాదాల గురించి మాట్లాడేవాళ్లు ఈ మలుపును ఎందుకో పట్టించుకోరు. నాకైతే అసలు కథ ఇక్కడే మొదలైందనిపిస్తుంది. పని విలువలో పెద్ద వాటా ఉండే సరుకును అప్పు తెచ్చి కొనాల్సి వచ్చినప్పుడు, ఆ అప్పును ఇంకొకరి మీదికి నెట్టే దారి వెతకడం సహజం. ఆ దారి పేరే సబ్ కాంట్రాక్ట్.

సర్కారు అగ్రిమెంట్లలో అనుమతి లేకుండా పనిని మరొకరికి అప్పగించకూడదని ఉంటుంది. ఆ నిబంధన సబ్ కాంట్రాక్టును ఆపలేదు, కాగితం మీద కనిపించకుండా మాత్రం చేసింది. టెండరు దక్కించుకున్నవాడు తన శాతం ఉంచుకుని పనిని నోటిమాట మీదో, తెల్లకాగితం మీదో, పవర్ ఆఫ్ అటార్నీ మీదో ఇంకొకరికి ఇచ్చేస్తాడు. పని చేసింది ఎవరైనా ఎం.బుక్కులో శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) రాసేది సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం. కింద సంతకం అగ్రిమెంటు దారుడిది. చెక్కు అతని ఖాతాకు వెళుతుంది. రెండేళ్లు ఎండలో నిలబడి కాలువ లైనింగ్ చేయించినవాడి పేరు ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు. తర్వాత కోర్టుకు వెళితే మొదటి ప్రశ్న అదే: నీకూ శాఖకూ సంబంధం ఏమిటి? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందం చేసుకున్నవారి మధ్యే హక్కులు, బాధ్యతలు. ఉచితంగా చేయని పనితో లాభపడినవాడు పరిహారం ఇవ్వాలని అదే చట్టంలో 70వ సెక్షన్ ఉంది. అయితే పని చేసింది తానేనని రుజువు చేసుకోవడానికి ముందు కాగితం కావాలి.

2004లో జలయజ్ఞం మొదలయ్యాక అంకెల స్థాయి మారిపోయింది. డిజైన్ నుంచి నిర్మాణం దాకా ఒకే సంస్థకు అప్పగించే ఈపీసీ పద్ధతిలో వందల, వేల కోట్ల ప్యాకేజీలు వచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నిర్మాణ సంస్థలు దేశవ్యాప్తంగా ఎదిగాయి. అదే కాలంలో విమానాశ్రయం, అవుటర్ రింగ్ రోడ్డు, హైటెక్ సిటీ చుట్టూ భవనాలు. పని మొదలుపెట్టడానికి ఇచ్చే మొబిలైజేషన్ అడ్వాన్సు పై సంస్థకు అందేది, కిందికి అరుదుగా దిగేది. కిందికి దిగింది ఒక షరతు: శాఖ నుంచి మాకు డబ్బు వచ్చాకే మీకు ఇస్తాం. వర్క్ ఆర్డరులో దాన్ని బ్యాక్ టు బ్యాక్ అంటారు. చదివితే సబబుగానే ఉంటుంది. కానీ భూసేకరణ ఆలస్యమైనా, డిజైన్ మారినా, పై సంస్థ తప్పు వల్ల శాఖ బిల్లు ఆపినా, శిక్ష పడేది ఏ తప్పూ చేయనివాడికే. బ్రిటన్ 1996లో చేసిన చట్టంతో ఇలాంటి షరతును దాదాపు చెల్లకుండా చేసింది. సింగపూర్ 2004లో, నిర్మాణ బిల్లుల తగాదాలను వారాల్లో తేల్చే ప్రత్యేక చట్టం తెచ్చింది. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం ఇప్పటికీ లేదు.

పై సంస్థే కూలిపోతే ఏమవుతుందో నగరానికి 2009లో తెలిసింది. జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడగానే అదే కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలు కుదేలయ్యాయి. ఆ ఏడాదే మేటాస్‌తో ఉన్న మెట్రో రైలు ఒప్పందం రద్దయింది. మేటాస్ ఇన్‌ఫ్రాను చేజిక్కించుకున్న ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ గ్రూపు 2018లో తానే అప్పుల్లో మునిగింది. 2016లో దివాలా చట్టం వచ్చింది. ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌కు 2018లో, ఐవీఆర్‌సీఎల్‌కు 2019లో కంపెనీ లా ట్రైబ్యునల్ హైదరాబాద్ బెంచి లిక్విడేషన్ ఉత్తర్వులు, అంటే ఆస్తులు అమ్మి సంస్థను మూసేయమని, ఇచ్చింది. ఇక్కడ దివాలా చట్టంలోని 53వ సెక్షన్ చూడాలి. ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బు మొదట ప్రక్రియ ఖర్చులకు, తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలకు, తనఖా ఉన్న బ్యాంకులకు, ఆ తర్వాత ఉద్యోగుల జీతాలకు, తనఖా లేకుండా డబ్బు అప్పిచ్చినవారికి, ప్రభుత్వ బకాయిలకు. సబ్ కాంట్రాక్టర్ వంతు వీరందరి తర్వాత. అప్పటికి గిన్నెలో ఏమీ మిగలదు. మొదట్లో లక్ష రూపాయల బాకీ ఉన్నా దివాలా నోటీసు ఇవ్వగలిగేవారు. చిన్నవాళ్ల చేతిలో అదొక్కటే పదునైన ఆయుధం. 2020 మార్చిలో ఆ పరిమితిని కోటికి పెంచారు. కొవిడ్ కష్టకాలంలో సంస్థలను కాపాడటానికన్నారు. కష్టకాలం పోయింది, కోటి మాత్రం ఉండిపోయింది. కోటి దాటిన బాకీ ఉన్నా సరే, నోటీసుకు ముందే పని నాణ్యత మీద వివాదం నడుస్తోందని చూపిస్తే దరఖాస్తు నిలవదు. ఆ వివాదం పుట్టించడానికి సైట్ ఇంజినీర్ రాసే నాలుగు లైన్ల ఈ-మెయిల్ చాలు.

కూలీ విషయంలో చట్టం కాస్త నయం. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారమైనా, 2025 నవంబర్‌లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ ప్రకారమైనా, కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలి. న్యాయమైన నియమమే. మధ్యలో ఉన్న సబ్ కాంట్రాక్టర్‌కు మాత్రం అలాంటి రక్షణ ఏదీ లేదు. కింద కూలీలు అతని ఇంటి ముందు కూర్చుంటారు, పైవాడు ఫోను ఎత్తడు.

ఒక నెల బిల్లు తీసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, లెక్క వేసే తీరు మాత్రం ఏ సైట్‌లోనైనా ఇదే. ప్లాస్టరింగ్ కాంట్రాక్టర్ అప్పటిదాకా చేసిన పనికి పది లక్షల రన్నింగ్ బిల్లు పెట్టాడు. కొలతలు చూసిన ఇంజినీర్ సిమెంటు వృథా అయిందని, క్యూరింగ్ సరిగా లేదని, మూలలు చెక్కించాల్సి వచ్చిందని అరవై వేలు కోస్తూ డెబిట్ నోటు రాశాడు. పని ముగిసేదాకా పట్టి ఉంచే ఐదు శాతం రిటెన్షన్ యాభై వేలు. టీడీఎస్ ఒక శాతం పది వేలు. మిగిలింది 8,80,000. అందులో ఐదు లక్షలు వేసి, మిగతాది వచ్చే బిల్లులో చూద్దామన్నారు. ఈలోగా ఇన్వాయిస్ ఇచ్చేశాడు కాబట్టి 18 శాతం జీఎస్టీ, అంటే 1,80,000, వచ్చే నెల 20లోపు కట్టాలి. డబ్బు చేతికి వచ్చిందా లేదా అన్నది జీఎస్టీ చూడదు. ప్రతి శనివారం కూలీలకు ఖర్చులు ఇవ్వాలి. లోటు పూడ్చడానికి నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. పని ఆపేద్దామంటే రిటెన్షన్ పోతుంది, ఆపకపోతే అప్పు పెరుగుతుంది. చివరికి ఫైనల్ బిల్లు దగ్గర ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని రాసివ్వమంటారు. రాసిస్తేనే చెక్కు.

దీనికి చట్టం ఇచ్చిన మందు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం. చిన్న సంస్థకు 45 రోజుల్లో చెల్లించాలి, లేదంటే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, తీర్పును సవాలు చేయాలంటే ఎదుటివాడు 75 శాతం ముందే డిపాజిట్ చేయాలి. 2017లో ఆ ఫిర్యాదుల కోసం సమాధాన్ పోర్టల్ వచ్చింది. కాగితం మీద ఇంతకన్నా గట్టి చట్టం ఉండదు. అయితే సరుకు, శ్రమ కలిసిన వర్క్స్ కాంట్రాక్టు ఈ చట్టం కిందికి రాదని కొన్ని హైకోర్టులు అన్నాయి. ఎంఎస్ఎంఈగా రిజిస్ట్రేషన్ ఒప్పందానికి ముందే ఉండాలా అన్న ప్రశ్నను 2025 జనవరిలో సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనానికి పంపింది. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం కూడా ఒక చెయ్యి వేసింది: గడువులో చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోనివ్వదు. దాని భయంతో కొన్ని సంస్థలు చెల్లింపులు సరిచేసుకుంటే, కొన్ని రిజిస్ట్రేషన్ లేనివాళ్లకే పని ఇవ్వడం మొదలుపెట్టాయి.

సర్కారు డబ్బు ఆగినప్పుడు కథ ఇంకోలా ఉంటుంది. జీహెచ్ఎంసీ కాంట్రాక్టర్లు బకాయిల కోసం రోడ్డెక్కడం ఏ ప్రభుత్వం ఉన్నా ఆగలేదు. 2025 మార్చిలో చిన్న కాంట్రాక్టర్లు ఏకంగా సచివాలయంలోనే బైఠాయించారు. పెద్ద సంస్థలకు ఊరట పథకాలు వచ్చాయి. ఆర్బిట్రేషన్‌లో గెలిచిన మొత్తంలో 75 శాతాన్ని, అప్పీలు నడుస్తున్నా, గ్యారంటీ మీద విడుదల చేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఆ డబ్బు ముందు బ్యాంకు బాకీలకు, తర్వాత ప్రాజెక్టు పూర్తికి వాడాలన్నది షరతు. కింద పని చేసి కూర్చున్నవాడి పాత బిల్లును ముందుగా తీర్చాలని అందులో లేదు.

కోర్టు మార్గం తెరిచే ఉంది. మూడు లక్షలు దాటిన నిర్మాణ వివాదం వాణిజ్య కోర్టుకు వెళ్లవచ్చు, దానికి ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. పని ధర రాబట్టుకోవడానికి గడువు మూడేళ్లు. ‘వచ్చే బిల్లులో చూద్దాం’ అన్న మాట మీద ఆ మూడేళ్లు ఎలా కరిగిపోతాయో లాయర్లను అడిగితే చెబుతారు. పోలీసుల దగ్గరికి వెళితే సివిల్ తగాదా అంటారు. అందుకే ఆచరణలో పనికొచ్చేది ఎక్కువగా చెక్కు. తేదీ వేసిన చెక్కు చేతిలో ఉంటే, అది తిరిగివస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెట్టవచ్చు. అనుభవమున్న సబ్ కాంట్రాక్టర్ వర్క్ ఆర్డరుకన్నా ముందు దాన్నే అడుగుతాడు.

మార్కెట్ మందగించిన రోజుల్లో హైదరాబాద్‌లో ఇంకో పద్ధతి వాడుకలోకి వచ్చింది: బిల్లుకు బదులు ఫ్లాటు. ముప్పై లక్షలు రావాల్సినవాడికి ఎనభై లక్షల ఫ్లాటు పేరున రాస్తామంటారు, మిగతా యాభై లక్షలకు ఇంకా పని చేయాలి. ధర బిల్డర్ రేటు కార్డు ప్రకారం. రిజిస్ట్రేషన్ భవనం పూర్తయ్యాక. కూలీలకు ఫ్లాటు ముక్కలు పంచలేడు కాబట్టి, సబ్ కాంట్రాక్టర్ దాన్ని రేటు కార్డు కన్నా చదరపు అడుగుకు వెయ్యి, పదిహేను వందలు తగ్గించి అమ్మజూపుతాడు. అదే టవర్‌లో అమ్ముడుపోని ఫ్లాట్లు ఇంకా బిల్డర్ దగ్గరే ఉంటాయి. కొనడానికి వచ్చినవాళ్లు రెండు ధరలూ విని, రెండు చోట్లా బేరమాడి వెళ్లిపోతుంటారు.